జిమ్మెదారి ఎవరిది?

"టీచర్, ఏమన్న అయితె ఎవలు జిమ్మెదారి?"

2006లో పిట్లంలో పన్నెండు ఇళ్ళ గడపల ముందు నిలబడి ఈ ప్రశ్న విన్నాను. మండల స్థాయి కబడ్డీలో మా బడి ఆడపిల్లలు గెలిచారు. తర్వాతి పోటీలు నిజామాబాదులో. అప్పటికి మాది నిజామాబాదు జిల్లానే. కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. ఆ పిల్లల్లో సగం మంది బాన్సువాడ దాటి ఎరగరు. పీఈటీ సారు మగవాడు కాబట్టి తోడుగా ఒక ఆడ టీచరు వెళ్ళాలి. నేను తెలుగు చెప్పేదాన్ని. కబడ్డీ గురించి నాకు తెలిసిందల్లా చిన్నప్పుడు ఆడిన చెడుగుడు. అయినా నా పేరే పడింది.

ఒక్కో ఇంటికీ వెళ్ళాను. చాలా ఇళ్ళలో తల్లులు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతూ ఉన్నా చేతులు ఆగవు. పిల్ల ఒకరోజు బయటికి పోతే ఆ రోజు బీడీలు తగ్గుతాయి. మా ప్రాంతంలో సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు, పిల్ల రోజుకు ఎన్ని బీడీలు చేస్తుందని అడగటం నేను చెవులారా విన్నాను. అయినా ఆ తల్లుల్లో ఎవరూ బీడీల సంగతి ముందు ఎత్తలేదు. ముందు అడిగింది జిమ్మెదారి గురించే. పన్నెండు చోట్లా నేను ఒకటే జవాబు చెప్పాను: "నాదే జిమ్మెదారి. తీసుకపోయినట్టే తీసుకొచ్చి అప్పజెప్త."

ఇంటికొచ్చాక మా అత్తగారు అడిగారు, "వాళ్ళకు నువ్వు తోడు. నీకెవరు తోడు?" అని. పీఈటీ సారు ఉన్నారని చెప్పాక ఆమె మనసు కుదుటపడింది. పిల్లలకు నేను పూచీ, నాకు ఆయన పూచీ. ఆయనకు ఎవరు పూచీ అని ఆయన ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు.

మగపిల్లల జట్టు కూడా అదే బస్సులో వచ్చింది. వాళ్ళ నాన్నలు బస్టాండుకొచ్చి తలా పదో ఇరవయ్యో చేతిలో పెట్టి, "గెలిచి రా" అన్నారు. మా పిల్లలతో అన్నమాట, "టీచర్ చెయ్యి ఇడవకు" అని.

నిజామాబాదు మైదానంలో మావాళ్ళు చున్నీలు నడుముకు బిగించి కట్టుకుని సల్వార్లలోనే దిగారు. ఎదుటి జట్టు నిక్కర్లలో వచ్చింది. మా పిల్లలు కాసేపు సిగ్గుతో వాళ్ళవైపు చూడలేదు. తర్వాత చూపు తిప్పుకోలేదు. ఉన్నది ఒకే మరుగుదొడ్డి, దానికి గడియ లేదు. ఒక పిల్లకు ఆ పొద్దునే నెలసరి వచ్చింది. నేను తలుపుకు వీపు ఆనించి చాలాసేపు నిలబడ్డాను. ఆ రోజు నా జిమ్మెదారిలో ఎక్కువ భాగం అదే అనిపించింది.

కబడ్డీ కోర్టు మగవాళ్ళకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్ళకు 12, 8. అప్పటి నిబంధనల్లో మగవాళ్ళకు సగం ఆట 20 నిమిషాలు, ఆడవాళ్ళకు 15. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ 1990లో చేరింది, ఆడవాళ్ళది మరో ఇరవై ఏళ్ళకు, 2010లో. ఈ లెక్కలన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం ఆ చిన్న దీర్ఘచతురస్రమే మా పిల్లలకు చాలా పెద్దదిగా కనబడింది. అందులో వాళ్ళు ఫలానావాడి బిడ్డలు కారు. అంపైరు వాళ్ళను ఊరి పేరుతో పిలిచాడు, "పిట్లం" అని. చుట్టూ చూస్తున్నవాళ్ళూ "పిట్లం, పిట్లం" అని కేకలేశారు. ఏ ఊరు వాళ్ళను పంపడానికి అంత ఆలోచించిందో ఆ ఊరి పేరే వాళ్ళ పేరయింది.

మా జట్టులో కూతకు పోయే పిల్ల ఒకతె ఉండేది. తొమ్మిదో తరగతి. క్లాసులో అడిగితే తప్ప గొంతు విప్పేది కాదు. గీత దాటగానే ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చేదో! ఆమె వల్లే ఫైనల్ దాకా పోయాం. రెండు పాయింట్లతో ఓడిపోయాం. ఫైనల్ మొదలయ్యేసరికే పొద్దు వాలింది. మేం బస్టాండు చేరేసరికి అనుకున్న బస్సు వెళ్ళిపోయింది. ఎస్టీడీ బూతు నుంచి బడి పక్క కిరాణా కొట్టుకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. బాన్సువాడ దాకా ఇంకో బస్సు, అక్కడినుంచి జీపు. పిట్లం చేరేసరికి రాత్రి పదిన్నర. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే జీపులో ఇరుక్కుని దిగారు. ఆ దృశ్యం బస్టాండులో చాలామంది చూశారు. మగపిల్లల్ని ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండు మందినీ ఇళ్ళ దగ్గర దించి, తీసుకుపోయినట్టే అప్పజెప్పాను. దసరా సెలవుల తర్వాత ఆ కూతకు పోయే పిల్ల బడికి రాలేదు. ఎండాకాలంలో పెళ్ళి చేశారు. ఆ రాత్రి జీపు గురించి చిన్నాన్న ఏదో అన్నాడని, తండ్రి మాటపడలేకపోయాడని తర్వాత విన్నాను. పెళ్ళికి ముందు వాళ్ళింటికి పోయాను. పిల్ల లోపలినుంచి రాలేదు. తల్లి బీడీలకు దారం చుడుతూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు నీ మాట నిలబెట్టుకున్నవ్ టీచర్. నీ తప్పేం లేదు."

నన్ను ఇన్నేళ్ళుగా వదలనిది ఆ ఊరట మాటే. ఆమె తిట్టి ఉంటే సమాధానం చెప్పుకునేదాన్ని. నా పూచీ తీరిపోయిందని ఆమే రసీదు రాసి ఇచ్చినట్టయింది. చట్టం ఉంది కదా, ఎక్కడైనా ఫిర్యాదు చేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేను చేయలేదు. మాట నిలబెట్టుకున్నదాన్నన్న తృప్తి నాలో ఒక మూల ఉండబట్టే చేయలేదేమోనని ఇప్పుడు అనుమానం.

జిమ్మెదారి అన్న మాటలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి బాధ్యత: పిల్లకు దాహమైతే నీళ్ళు, దెబ్బ తగిలితే కట్టు, తలుపుకు గడియ లేకపోతే నా వీపు. ఇది పిల్లకు నేను పడే బాకీ. రెండోది పూచీ. ఇది పిల్ల గురించి ఇంకొకరికి నేను పడే బాకీ. మా వైపు దీన్నే జమానతు అని కూడా అంటారు. జమానతు ఎవరికి అడుగుతారు? అప్పు తీసుకున్నవాళ్ళకు, నేరం మోపబడినవాళ్ళకు. ఆడపిల్ల ఊరు దాటకముందే ఆమె మీద కేసు ఉన్నట్టు. నేను పన్నెండు గడపల్లో ఒప్పుకున్నది బాధ్యత అనుకున్నాను. వాళ్ళు నా దగ్గర తీసుకున్నది జమానతు.

ఇంకో చిక్కు ఆ మాటలోనే ఉంది. "తీసుకపోయినట్టే తీసుకొస్త." అసలు తీసుకుపోయేది ఎందుకు? బయటి ఊరు చూడాలని, కొత్తవాళ్ళతో తలపడాలని, తమ గొంతు తాము వినాలని. అంటే పోయినట్టే తిరిగి రాకూడదనే. కబడ్డీలో కూతకు పోయిన మనిషి ఎవరినీ తాకకుండా వెనక్కి వస్తే ఆమె భద్రంగా ఉన్నట్టే, కానీ పాయింటు రాదు. నేను తల్లులకు ఇచ్చిన మాట అటువంటి ఖాళీ కూతకు ఇచ్చిన హామీ. నిజానికి నేను కోరుకున్నది ఆ మాట తప్పాలనే. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు. చెబితే పంపరని భయం. మంచి కోసం చెప్పిన అబద్ధం కూడా అబద్ధమే. ఎందుకంటే దాని మూల్యం చెల్లించింది నేను కాదు.

మాలావత్ పూర్ణ మా పక్కనే, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. పదహారేళ్ళు నిండనివాళ్ళను నేపాల్ వైపునుంచి అనుమతించరు గనుక టిబెట్ వైపునుంచి ఎక్కింది. అంతకు నెల ముందే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారు మంది చనిపోయారు. అటువంటి చోటికి పిల్లను పంపమని అడిగేవాళ్ళు "తీసుకుపోయినట్టే తీసుకొస్తాం" అని ఎట్లా అనగలరు? తల్లిదండ్రులు ఆ ప్రమాదాన్ని తమదిగా కూడా తీసుకుంటే తప్ప ఆ పిల్ల అడుగు కదలదు. శిఖరాలకు ఒప్పుకున్నంత సులభంగా మనం రాత్రి పదిన్నర జీపుకు ఒప్పుకోం. కొండమీది ప్రమాదం చావు. జీపులోది మాట. మన ఇళ్ళలో రెండోదానికే ఎక్కువ భయం.

మా అక్క కూతురు అమెరికాలో మినసోటాలో ఉంటుంది. తన కొడుకునూ కూతురినీ మొదటిసారి వేరే ఊళ్ళో ఐస్ హాకీ ఆటకు తీసుకుపోయిన సంగతి ఫోనులో చెప్పింది. ఒంటినిండా తొడుగులు, మనిషంత సంచులు, మంచు రోడ్డుమీద గంటల ప్రయాణం. ఒలింపిక్స్‌లో మగవాళ్ళ ఐస్ హాకీ 1920లోనే ఉంది, ఆడవాళ్ళది 1998లో వచ్చింది. అక్కడా దారి పొడవైనదే. అయితే ఇప్పుడు అన్నకూ చెల్లెలికీ ఒకే కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారట: దెబ్బ తగిలితే క్లబ్బుది బాధ్యత కాదని. నాకు నవ్వొచ్చింది. అక్కడ తీసుకుపోయేవాళ్ళు తమకు సంబంధం లేదని ముందే రాయించుకుంటారు. ఇక్కడ మొత్తం ఒక ఆడ టీచరు నెత్తిన పెడతారు. కొడుకుకూ కూతురికీ ఒకే కాగితం అన్నంత వరకు అది నాకు నచ్చింది. కానీ చేతులు దులుపుకోవడం సమానత్వమైతే అది నాకు అక్కర్లేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామంది చదివిందే. తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్ళిన స్త్రీల మాటల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది వెళ్ళడం కాదు, 1951లో పోరాటం ఆగిపోయాక తిరిగి రావడం. వాళ్ళు మారి వచ్చారు. ఇళ్ళు మారలేదు. స్త్రీలు గడప దాటడం గురించి మనం చాలా రాశాం. తిరిగొచ్చిన మనిషిని గడప ఎట్లా లోపలికి తీసుకుంటుందన్నది తక్కువ రాశాం. ఆ రాత్రి జీపు దిగిన పిల్ల గురించి నన్ను పన్నెండు మంది పూచీ అడిగారు. ఆమె వెళ్ళేటప్పుడు ఎట్లా ఉందో ఇల్లు కూడా అట్లాగే ఉంటుందని ఆమెకెవరూ పూచీ ఇవ్వలేదు. అడగాలని నాకూ తోచలేదు.

మధ్యలో బదిలీ మీద వెళ్ళి మళ్ళీ పిట్లం వచ్చాను. 2024లో మళ్ళీ ఒక జట్టు తయారయింది. ఈసారి పోటీలు కామారెడ్డిలో. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అందరి చేతిలో ఫోన్లున్నాయి. నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత అయిన సంగతి పిల్లలందరికీ తెలుసు. చార్జీ అడ్డం తొలగింది. ప్రశ్న మాత్రం గడపలోనే కూర్చుని ఉంది: "ఎవలు జిమ్మెదారి?"

ఈసారి జవాబు మార్చాను. "బాధ్యత నాది. కనిపెట్టుకుని ఉంట. కానీ పోయినట్టే వస్తరని చెప్పలేను. ఆలస్యం గావచ్చు, దెబ్బ తగలొచ్చు, ఇంకో ఊరికి గూడ పోతమని అడగొచ్చు. మీరు నాకొక మాట ఇయ్యాలె. ఎంత రాత్రి వచ్చినా తెల్లారి బడికి పంపుతరా? ఎవలన్న ఏమన్న అంటే పిల్లను గాకుండ వాళ్ళను అడుగుతరా?"

కొందరు వెంటనే సరేనన్నారు. కొందరు, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. ఒక ఇంట్లో తలుపు తీసింది 2006 జట్టులో మూల కాపు కాసిన పిల్ల. పిట్లంలోనే ఇచ్చారు. ఇప్పుడు ఆమె కూతురు ఎనిమిదో తరగతి. నా ప్రశ్న మొత్తం విని, "ఆమెను యాద్ జేసుకొని అడుగుతున్నవ్ గద టీచర్" అంది. నేను అవునన్నాను. "బోధన్ దిక్కు ఉంటది. ఇద్దరు కొడుకులు" అని, కాసేపాగి, "నేను గూడ వస్త. టికెట్ లేదు గద" అంది. లోపలినుంచి భర్త గొంతు వినబడింది: "ఎవలతోని పోతవ్?" ఆమె నావైపు చూసి నవ్వి, "టీచర్ తోని" అంది. ముప్ఫై దాటిన మనిషికి కూడా నేను మళ్ళీ జమానతు పడ్డాను.

కామారెడ్డిలో మొదటి ఆటే ఓడిపోయాం. ఆమె గీత పక్కన నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. పొద్దూకే వేళకు ఇంటికొచ్చాం.

ఇదంతా నా కొత్త జవాబు గెలిచిందని చెప్పడానికి రాయలేదు. నేను ఎదురు పూచీ అడిగినందుకు ఇద్దరు పిల్లలను ఇంట్లో వాళ్ళు పంపలేదు. పాత అబద్ధమే చెప్పి ఉంటే ఆ ఇద్దరూ కామారెడ్డి చూసేవారు. వచ్చాక ఏమయ్యేదో తెలియదు. ఏమీ కాకపోయి ఉండవచ్చు కూడా. మర్నాడు ఆ ఇద్దరూ బడికొచ్చి, మిగతావాళ్ళు చెప్పే ఆట కబుర్లు నోరు తెరుచుకుని విన్నారు. వాళ్ళలో ఒకతె మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి అడిగింది: "టీచర్, మా నాయనను అట్ల ఎందుకడిగినవ్? ఊకె తీసుకపోత అంటే పంపుతుండె."

దానికి చెప్పగలిగిన జవాబు నా దగ్గర ఇంకా లేదు. వచ్చే ఏడు పోటీల లోపల ఆ తండ్రి దగ్గరికి మళ్ళీ పోవాలి. ఈసారి ఒక్కదాన్నే పోకుండా, ఆ మూల కాపు కాసిన మనిషిని వెంటబెట్టుకుని పోదామనుకుంటున్నాను.