దాటకుండానే చేరేది

ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఒక ఐఎస్ఓ ఫైలును, అంటే డిస్కు మొత్తానికి నకలైన ఇమేజ్‌ను, ఖాళీ సీడీ మీద బర్న్ చేసినప్పుడు కంప్యూటర్‌లోంచి సీడీలోకి వెళ్లిందేమిటి? ఫైలు హార్డ్‌డిస్కులో ఎక్కడిదక్కడే ఉంది, ఒక్క బైటు తగ్గలేదు. అయినా కాసేపటి క్రితం దాకా ఖాళీగా ఉన్న ఆ పళ్లెం ఇప్పుడు ఒక కంప్యూటర్‌ను బూట్ చేయగలదు.

దాదాపు ఇలాంటి ప్రశ్నే మిలిందుడు అడిగాడని పాలీ గ్రంథం ‘మిలిందపన్హ’ చెబుతుంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో సాగల నగరం నుంచి ఏలిన గ్రీకు రాజు మినాండరే ఈ మిలిందుడు. ఒక జన్మ నుంచి మరో జన్మకు దాటివెళ్లేది ఏదీ లేకపోతే పునర్జన్మ ఎలా కుదురుతుందన్నది ఆయన సందేహం. భిక్షువు నాగసేనుడు రెండు ఉదాహరణలు చెప్పాడు. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటిదానిలోంచి ఏదీ లేచి రెండోదానిలోకి పోదు. ఇది చాలామంది విన్నదే. రెండోది ఇంకా పదునైనది: చిన్నప్పుడు గురువు దగ్గర నేర్చుకున్న శ్లోకం గురువును విడిచి శిష్యుడి దగ్గరికి వచ్చేసిందా?

బర్నింగ్‌లో జరిగేదీ ఇలాంటిదే. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన సీడీలో సన్నటి గుంటలుంటాయి. మనం రాసుకునే సీడీ-ఆర్‌లో 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బొనేట్ పళ్లెం మీద పల్చటి రంగు పొర ఉంటుంది. లేజర్ మధ్యభాగం దగ్గర మొదలై చుట్లు తిరుగుతూ అంచువైపు సాగి, ఆ రంగును అక్కడక్కడా వేడితో మారుస్తుంది. మారినచోట కాంతి తక్కువగా తిరిగొస్తుంది. సగం రాసిన డిస్కును లైటు కింద కాస్త వాల్చి చూడండి. రాసినంత మేర ఒక ఛాయ, మిగిలినచోట మరో ఛాయ, రెంటి మధ్య గీసినట్టు ఒక వలయం కనిపిస్తాయి. కొత్త పదార్థం రవ్వంత కూడా చేరలేదు, ఉన్నదాని అమరికే మారింది.

కొత్తవాళ్లు తరచూ ఒక పొరపాటు చేస్తారు. ఐఎస్ఓ ఫైలును మామూలు ఫైలులా సీడీ మీదికి కాపీ చేస్తారు. తెరిస్తే ఆ ఒక్క ఫైలే కనిపిస్తుంది, దాంతో కంప్యూటర్ బూట్ కాదు. ఇమేజ్‌గా బర్న్ చేస్తే ప్రతి సెక్టరూ తన చోట కుదురుకుంటుంది. ఇమేజ్‌లో 16వ నంబరు సెక్టరులో ఉన్న ‘సీడీ001’ అనే గుర్తు డిస్కులోనూ అదే నంబరు సెక్టరులో పడుతుంది. శ్లోకాల పుస్తకం సంచిలో మోసే శిష్యుడు వేరు, శ్లోకం నోటికి వచ్చిన శిష్యుడు వేరు.

మరి ఆ ఇమేజ్, ఈ సీడీ ఒకటేనా? బైట్ల నుంచి లెక్కగట్టే చెక్‌సమ్ సరిచూస్తే ఒకటే. గీత పడి సీడీ పాడైతే ఇమేజ్‌కు ఏమీ కాదు కాబట్టి వేరు కూడా. మరుజన్మ ఎత్తినవాడు ‘అతడే కాదు, వేరొకడూ కాదు’ అన్న నాగసేనుడి మాట తప్పించుకునే మాట కాదు. ఆయన దాన్ని కర్మకు ముడిపెట్టాడు. దాటేది ఏదీ లేకపోయినా చేసిన పాపం వెంట రాక మానదన్నాడు. డౌన్‌లోడ్‌లోనే చెడిన ఇమేజ్‌ను బర్న్ చేస్తే ఆ చెడు పొల్లుపోకుండా డిస్కులోకి దిగుతుంది. బర్నర్ డిస్కును ఇమేజ్‌తోనే పోల్చుతుంది కనుక అంతా సరిగ్గా ఉందనే చెబుతుంది.

దేహాలు మారినా మారని ఆత్మ ఉందనే వేదాంతికి ఈ డిస్కు జవాబు కాదు. ఆ సిద్ధాంతానికి వేరే ఆధారాలున్నాయి. కానీ ‘దాటేది లేకపోతే కొనసాగింపే లేదు’ అనే ఆక్షేపణ మాత్రం దీని ముందు నిలవదు.

ఒక్క షరతుంది. మొదటి దీపం ఆరకముందే రెండోది వెలిగించాలి. సీడీ-ఆర్‌లోని రంగు పొర ఎండకు, వేడికి, కాలానికి పాడవుతుంది. మీ బీరువాలో అమ్మమ్మ గొంతు, పెళ్లి ఫొటోలు ఉన్న పాత సీడీలుంటే ఈ వారమే కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించుకునే డ్రైవ్ ఇప్పటికీ దొరుకుతోంది.