ఊరి ఆయుష్షు తేల్చేదెవరు?

ఇంగ్లాండు ఉత్తరాన డర్హమ్ కౌంటీ ఒకప్పుడు బొగ్గు గనుల నేల. గని తవ్విన చోటల్లా కార్మికుల ఊరు వెలిసింది. బొగ్గు తరిగిపోతుండగా 1951లో కౌంటీ కౌన్సిల్ ఊళ్ళను నాలుగు తరగతులు చేసింది. చివరిదైన ‘డి’ తరగతిలో 114 ఊళ్ళు పడ్డాయి. అక్కడ కొత్త ఇళ్ళు కట్టరు, ప్రభుత్వ సొమ్ము పెట్టరు. పాత ఇళ్ళు శిథిలమయ్యేకొద్దీ జనాన్ని తరలిస్తారు.

ఈ నిర్ణయం చేసింది పరాయివాళ్ళు కాదు. అప్పట్లో కౌన్సిల్ గని కార్మికుల ఓట్లతో గెలిచిన లేబర్ పార్టీ చేతిలో ఉండేది. ఉద్దేశమూ చెడ్డది కాదు. ఇరుకు ఇళ్ళ నుంచి జనాన్ని తెచ్చి పీటర్లీ లాంటి కొత్త పట్టణంలో మంచి ఇల్లు, వేరే పని చూపాలనుకున్నారు. ఆ పట్టణానికి పెట్టింది కూడా కార్మిక నాయకుడు పీటర్ లీ పేరే.

అయినా జనం ఎదురుతిరిగారు. కౌన్సిల్ లెక్కలో ఊరంటే బొగ్గు, ఇళ్ళు. ఊరివాళ్ళ లెక్కలో ఇరుగుపొరుగు, పెద్దల సమాధులు కూడా ఉన్నాయి. 1977లో ఆ విధానాన్ని వదిలేశారు. అప్పటికే కొన్ని ఊళ్ళు నేలమట్టమయ్యాయి. విటన్ పార్క్ లాంటివి చాలా ఇళ్ళు పోగొట్టుకుని నిలిచాయి.

మేలు చేస్తున్నామన్న నమ్మకం, అడగకుండా నిర్ణయించే హక్కు ఇస్తుందా? ఇవ్వదు. వద్దనే వీలు లేనప్పుడు మేలు కూడా ఆజ్ఞే అవుతుంది. పోలవరం ముంపులో ఊళ్ళు వదిలిన మన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఇది తెలిసిన మాటే. రేపు జాబితాలు రాసే కుర్చీలో చదువుకున్న మన పిల్లలే కూర్చోవచ్చు. మనవాడు రాసినంత మాత్రాన జాబితా న్యాయమైపోదు. ముందు ఊరిని అడగాలి. ఊరు కాదంటే ఆగాలి.