ఎర్ర నక్షత్రం వెనక అంకె

సోవియట్ రెడ్ స్టార్ ఆర్డర్‌ను తిరగేసి చూస్తే నడుమ ఒక మర, టంకశాల పేరు, ఒక అంకె కనిపిస్తాయి. ఎవరికిచ్చారో ఉండదు. ఎందుకిచ్చారో ఉండదు. ముందువైపు ఎర్ర ఎనామిల్ పూసిన వెండి నక్షత్రం, మధ్యలో తుపాకి పట్టుకుని నిలబడిన సైనికుడు, అతని చుట్టూ ప్రపంచ కార్మికుల్ని ఏకం కమ్మనే నినాదం. 1930లో నెలకొల్పిన ఈ ఆర్డర్‌ను అన్ని కాలాల్లో కలిపి 38 లక్షలకు పైగా ఇచ్చారు కాబట్టి వస్తువుగా ఇది అంత అరుదైనదేమీ కాదు. ఆ అంకె ఎవరిదో తెలియడమే అరుదు.

యుద్ధకాలపు సోవియట్ పతకాలు సేకరించేవాళ్లు ‘గ్రూపు’ అని ఒకటి చెబుతారు. ఒకే మనిషికి వచ్చిన ఆర్డర్లు, పతకాలు అన్నీ. వాటి అంకెలు నమోదు చేసిన ఆర్డర్ పుస్తకం, పతకాల ధ్రువపత్రాలు, దొరికితే ఎర్రసైన్యం ఇచ్చిన సైనిక పుస్తకం. ఆపైన మాస్కో పక్కన పొదోల్స్క్‌లో ఉన్న రక్షణ శాఖ కేంద్ర ఆర్కైవ్ నుంచి ఆ మనిషి నమోదు కార్డు, సిఫారసు పత్రాల నకళ్లు. ఇవన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. నక్షత్రం మీది అంకె పుస్తకంలో ఉండాలి, పుస్తకంలోని పేరు కార్డులో ఉండాలి, కార్డులోని వివరం సిఫారసు పత్రానికి కుదరాలి. నేను ఈ సేకరణలోకి వచ్చింది ఎనామిల్ మెరుపు చూసి. ఇందులో ఉండిపోయింది ఈ కాగితాల వల్ల.

నక్షత్రం ఒక్కటే ఉంటే అది నోరు విప్పదు మరి. 1944 జూన్ 4 నాటి ఉత్తర్వు ప్రకారం సైన్యంలో పదిహేనేళ్లు పనిచేసినవారికి కూడా ఇదే రెడ్ స్టార్ ఇచ్చారు. ఆ పద్ధతి 1950ల చివరిదాకా సాగింది. స్టాలిన్‌గ్రాద్ దగ్గర ట్యాంకుకు ఎదురు నిలిచినవాడి నక్షత్రం, ఎక్కడో గిడ్డంగి లెక్కలు పదిహేనేళ్లు తప్పులేకుండా చూసినవాడి నక్షత్రం ఒక్కలాగే ఉంటాయి. రెండోవాణ్ణి చిన్నచూపు చూడమని నేననను. కానీ తేడా తెలుసుకోకుండా ఇద్దరినీ ఒకే వీరగాథలో కలిపెయ్యడం ఇద్దరికీ అన్యాయమే.

ఆ అంకెను జ్ఞాపకం కోసం కొట్టలేదు, లెక్క కోసం కొట్టారు. ఆర్డర్ ఉన్నవారికి నెలనెలా కొంత డబ్బు, ట్రాముల్లో ఉచిత ప్రయాణం లాంటి సౌకర్యాలు ఉండేవి. ఒకరి ఆర్డర్ ఇంకొకరు పెట్టుకు తిరగకుండా చూసుకోవాలి. పైగా ఆర్డర్ పొందిన మనిషి చనిపోతే దాన్ని ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలి. 1942 మే 20న నెలకొల్పిన దేశభక్త యుద్ధ ఆర్డర్ ఒక్కటే కుటుంబం దగ్గర జ్ఞాపకంగా ఉంచుకోనిచ్చేవారు. మిగతా ఆర్డర్లకు ఆ అనుమతి 1977లో గాని రాలేదు. అంటే మనిషి గుండె మీద పెట్టుకున్నది కూడా సర్కారు వస్తువే. అంకె దాని ఆనవాలు.

ఏ లెక్క కోసం ఆ అంకెలు కొట్టారో ఆ లెక్కతో ఇవాళ ఎవరికీ పని లేదు. ఆ దేశమే 1991లో లేకుండా పోయింది. అంకె మాత్రం తన మనిషి దాకా తీసుకుపోయే దారిగా మిగిలింది. అనుమానంతో పెట్టిన పద్ధతి, పెట్టినవాళ్లెవరూ ఊహించని విధంగా, ఎవరో రైతుబిడ్డ పేరును ఎనభై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకునేందుకు ఉపయోగపడుతోంది. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ పతకాలకు అంచు మీద సైనికుడి పేరే ఉంటుంది. చూడ్డానికి అదే ఎక్కువ మర్యాదగా అనిపిస్తుంది. అయినా నా మనసు సోవియట్ అంకె మీదికే పోతుంది. పేరున్న పతకాన్ని చదివేసి పక్కన పెట్టొచ్చు. అంకె ఉన్నదాని వెంట మనమే నడిచి వెళ్లాలి.

నా దగ్గరున్న గ్రూపుల్లో ఎక్కువగా తీసి చూసేది ఒక శానిటరీ ఇన్‌స్ట్రక్టర్‌ది. రైఫిల్ కంపెనీతోపాటు ముందు వరుసలో ఉండి, గాయపడ్డవాళ్లకు కట్లు కట్టి వెనక్కి చేర్చే సార్జెంట్ ఆమె. పేరు ఇక్కడ రాయను. ఆమె మనవలు ఎక్కడో ఉండే ఉంటారు. ఒక రెడ్ స్టార్, ‘యుద్ధ సేవలకు’ పతకం, ‘జర్మనీపై విజయానికి’ పతకం, 1985లో వచ్చిన దేశభక్త యుద్ధ ఆర్డర్, కొన్ని వార్షికోత్సవ పతకాలు. సిఫారసు పత్రం నిండా గళ్లు. పుట్టిన సంవత్సరం, జాతి, పార్టీ సభ్యత్వం, ఏ ఊరి సైనిక కార్యాలయం భర్తీ చేసుకుంది, ఎప్పట్నుంచి యుద్ధంలో ఉంది, గాయాలు, అంతకుముందు అందుకున్న పతకాలు, ఇంటి చిరునామా. ఆ తర్వాత, వ్యక్తిగత వీరకృత్యాన్ని క్లుప్తంగా, నిర్దిష్టంగా వివరించమనే శీర్షిక. దాని కింద ఆమె గురించి ఉన్నవి కొద్ది వాక్యాలే. 1943లో ఒక పోరులో, కాల్పులు ఆగకముందే, ఇంతమంది గాయపడినవారిని వాళ్ల ఆయుధాలతో సహా బయటికి తెచ్చింది.

ఆ ‘ఆయుధాలతో సహా’ అన్న మాట గుమాస్తా ఊరికే చేర్చింది కాదు. 1941 ఆగస్టు 23న రక్షణ ప్రజా కమిసార్ హోదాలో స్టాలిన్ 281వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. వైద్య సహాయకులు, స్ట్రెచర్ మోసేవాళ్లు యుద్ధరంగం నుంచి 15 మంది క్షతగాత్రుల్ని తెస్తే ‘శౌర్యానికి’ గాని ‘యుద్ధ సేవలకు’ గాని పతకం. 25 మందిని తెస్తే రెడ్ స్టార్. 40 మందికి రెడ్ బ్యానర్ ఆర్డర్. 80 మందికి, ఆ దేశపు అత్యున్నత పురస్కారమైన లెనిన్ ఆర్డర్. ప్రతి మెట్టులోనూ ఒకటే షరతు: గాయపడ్డవాళ్లతోపాటు వాళ్ల రైఫిళ్లు, లైట్ మెషీన్‌గన్‌లు కూడా రావాలి.

మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ప్రాణానికి ఇలా వెల కడతారా అని. చాలాకాలం ఆ కోపంతోనే ఉన్నాను. తర్వాత తర్వాత ఆ తేదీ మీదికి దృష్టి వెళ్లింది. 1941 ఆగస్టు అంటే సైన్యాలకు సైన్యాలు శత్రు వలయంలో చిక్కుకుపోతున్న రోజులు. స్మొలెన్స్క్ పోయింది, కీవ్ ఒక నెలలో పోబోతోంది. రైఫిళ్లు చాలని ఆ రోజుల్లో కూడా, గాయపడ్డ మనిషిని భుజాన వేసుకు రావడం ట్యాంకును కాల్చడంతో సమానమైన యుద్ధకార్యమని ఆ ఉత్తర్వు ఒప్పుకుంది. శత్రువుల శవాల్ని లెక్కపెట్టిన సైన్యాల గురించి చరిత్రలో ఎంతైనా చదువుతాం. బతికించినవాళ్ల లెక్కకు అత్యున్నత పురస్కారం దాకా మెట్లు కట్టడం నాకు ఇంకెక్కడా ఎదురుకాలేదు. అలాగని రైఫిలు షరతును నేను సమర్థించలేను. ఇరవై ఏళ్లయినా నిండని పిల్ల, తనకంటే బరువైన మనిషిని నేల మీద ఈడ్చుకుంటూ వస్తూ, నాలుగు కిలోల తుపాకిని వదిలెయ్యకూడదట. దయ, నిర్దయ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ వాక్యంలో సగాన్ని మాత్రమే ఎత్తి చూపించి ఆ యుద్ధాన్ని పొగిడేవాళ్లతోనూ తిట్టేవాళ్లతోనూ నేను కలవలేను.

సిఫారసు పత్రంలో ఉన్నదంతా సత్యమనీ అనుకోను. రాసింది ఆమె కాదు. పై అధికారి చెబుతుంటే ఏ బంకర్‌లోనో కూర్చుని ఎవరో రాశారు. పతకం రావాలంటే సంఖ్య ఎంత ఉండాలో రాసేవారికి తెలుసు. ఆమె పత్రంలోని సంఖ్య 25 దాటి కొంచెం పైన ఆగడం చూస్తే నాకూ అనుమానం కలుగుతుంది. పైవాళ్లు తగ్గిస్తారని తెలిసి కాస్త పెంచి రాయడం, రెడ్ బ్యానర్‌కు సిఫారసు చేస్తే పైన రెడ్ స్టార్‌తో సరిపెట్టడం, రెండూ ఉండేవి. ఎంతమంది అన్నది తేలకపోవచ్చు. కానీ ఆ ఊరి పేరు, ఆ తేదీ, ఆ రెజిమెంట్ ఉన్నాయి. ఆ ఒక్క పత్రం రాయడానికి ఒకరు కూర్చున్నారన్న నిజం ఉంది. ఈమెకు ఏదైనా దక్కాలని ఎవరో గట్టిగా అనుకున్నారు. నాకు అది తక్కువ సాక్ష్యంగా కనిపించదు.

ఈ పత్రాలు తిరగేసినప్పుడల్లా, పత్రమే లేనివాళ్లు గుర్తొస్తారు. 1941 నాటి పరాజయాల్లో నిలబడి పోరాడినవాళ్ల గ్రూపులు సేకర్తలకు దొరకడం బహు అరుదు. రెజిమెంట్ కమాండర్‌కు తన స్థాయిలో పతకం ఇచ్చే అధికారం 1942 నవంబరు 10 నాటి ఉత్తర్వుతో గాని రాలేదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి. గెలుస్తున్న సైన్యానికి పతకాలు పంచే తీరిక ఉంటుంది. శత్రు వలయంలో చిక్కిన సైన్యంలో సిఫారసు రాయాల్సినవాడే ముందు చనిపోతాడు. యుద్ధంలో పోయిన సోవియట్ పౌరులు దాదాపు 2 కోట్ల 66 లక్షలమంది అని అధికారిక అంచనా. ‘జర్మనీపై విజయానికి’ పతకం అందుకున్నవాళ్లు కోటిన్నరకు దగ్గర. ఎంత గొప్ప సేకరణైనా చూపించేది ఈ రెండో వరుసనే. ఈ సంగతి మరిచిపోయి ఎవరైనా తన సేకరణ ముందు నిలబడి గర్వపడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది.

వార్షికోత్సవ పతకాల గురించి కూడా చెప్పాలి. వ్యాపారులు వీటిని లెక్కలోకి తీసుకోరు. యుద్ధం గెలిచిన ఇరవయ్యో ఏట 1965లో, ముప్పయ్యో ఏట 1975లో, నలభయ్యో ఏట 1985లో కోట్లలో పంచిన ఇత్తడి బిళ్లలని పక్కకు తోసేస్తారు. 1985లో, బతికున్న యుద్ధవీరులందరికీ ఇచ్చిన దేశభక్త యుద్ధ ఆర్డర్‌ను కూడా అంతే. యుద్ధకాలపు మొదటి శ్రేణి ఆర్డర్‌లో బంగారం ఉండేది, విడివిడి భాగాలు కూర్చి చేసేవారు. 1985 నాటిది ఒకే రేకు మీద అచ్చుకొట్టిన వెండి. నిజమే. కానీ నేను ఒక గ్రూపు చేతికి రాగానే మొదట వెతికేది వీటినే. వరుస 1975తో ఆగిపోయి ఉంటే ఆ మనిషి 1985 చూడలేదేమో అనుకుంటాను. మా శానిటరీ ఇన్‌స్ట్రక్టర్ వరుసలో 1985 ఆర్డర్ ఉంది. అంటే ఆ కాల్పుల్లోంచి బయటపడి, కనీసం నలభై రెండేళ్లు బతికింది. ఆమె ధైర్యాన్ని రెడ్ స్టార్ చెబుతుంది. ఆమె బతికిందన్న కబురు మాత్రం ఎవరూ డబ్బు పెట్టని ఆ వెండి రేకే తెచ్చింది.

ఆ నలభై రెండేళ్లూ గౌరవంగా సాగాయని కాదు. ఆర్డర్లకిచ్చే నెలవారీ డబ్బు, ట్రాము ప్రయాణం 1948 జనవరి 1తో ఆగిపోయాయి. అదే ఏడు నుంచి మే 9 విజయదినం సెలవు కూడా రద్దయి మామూలు పనిదినం అయింది. మళ్లీ సెలవు ఇచ్చింది 1965లో. దాదాపు పదిహేడేళ్లు, గెలిచినవాళ్లు ఆ గెలుపును పెట్టెలో పెట్టుకున్నారు.

తర్వాత ఆ పెట్టెలే అమ్మకానికి వచ్చాయి. 1992 జనవరిలో రష్యాలో ధరల మీద అదుపు ఎత్తేశాక ముసలివాళ్లు దాచుకున్న పొదుపంతా కరిగిపోయింది. పశ్చిమ దేశాల సేకర్తల చేతికి సోవియట్ గ్రూపులు వరదలా వచ్చింది ఆ దశకంలోనే. రష్యాలో సోవియట్ రాజ్య పురస్కారాల క్రయవిక్రయం ఈనాటికీ నేరం. క్రిమినల్ కోడ్ 324వ అధికరణం అదే చెబుతుంది. ఈ పతకాల మీది ఆశ ఎక్కడిదాకా వెళ్లగలదో అంతకుముందే కనిపించింది. 1983 జూలైలో మాస్కోలో వైస్ అడ్మిరల్ గ్యోర్గీ ఖొలొస్త్యకోవ్‌ను, ఆయన భార్యను ఇంట్లోనే చంపి ఆయన పతకాలు ఎత్తుకుపోయారు. హంతకులు జర్నలిజం విద్యార్థులమని చెప్పి, ఆయన యుద్ధ జ్ఞాపకాలు వింటామంటూ ఇంట్లోకి అడుగుపెట్టారు.

ఇవన్నీ తెలిసి నేను ఎందుకు కొంటున్నాను? ఈ ప్రశ్న నుంచి నన్ను నేను తప్పించుకోనివ్వను. ఇది ఒక ముసలామె ఆకలి మీదుగా నా దగ్గరికి వచ్చిందేమో అన్న సందేహం ప్రతి గ్రూపుతోనూ ఉంటుంది. దానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. ఒకటి మాత్రం తెలుసు. సంతలోకి వచ్చిన గ్రూపు ముందు రెండే దారులుంటాయి. నక్షత్రం ఒకరికి, పతకం ఇంకొకరికి, పుస్తకం మరెవరికో విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని విడగొట్టెయ్యడం ఒకటి. అలా విడగొట్టినప్పుడు అంకెకూ పేరుకూ మధ్య ఉన్న ఒక్క ముడీ తెగిపోతుంది. ఆ మనిషి రెండోసారి పోయినట్టే. రెండో దారి, అన్నింటినీ ఒకచోట పట్టి ఉంచడం. నా ఇంట్లో ఉన్నవి నావని అనుకోను. నా తర్వాత ఇవి ఎవరికి వెళ్లినా విడగొట్టకూడదని కాగితం మీద రాసి పెట్టాను. శానిటరీ ఇన్‌స్ట్రక్టర్ కుటుంబం నుంచి ఎవరైనా వచ్చి ఆమెవి అడిగితే ఒక్క రూపాయి తీసుకోకుండా ఇచ్చేస్తాను.

తెలుగువాడికి ఈ పిచ్చి ఏమిటని అడిగేవాళ్లున్నారు. వుప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఉండి సోవియట్ పుస్తకాలకు తెలుగు అనువాదాలు చేసిన కాలం మనది. విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన ఆ గట్టి అట్టల పుస్తకాలతో ఒక తరం మొత్తం ఆ యుద్ధాన్ని తన ఇంటి కథలా చదివింది. ఇంకో బంధం కూడా ఉంది. ఇరాన్ మీదుగా సోవియట్ యూనియన్‌కు సరుకు చేర్చిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లోని సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్‌లకు 1944లో ఈ రెడ్ స్టారే ఇచ్చారు. ఆ పర్వతాల దారుల్లో లారీలు నడిపిన మనవాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

శానిటరీ ఇన్‌స్ట్రక్టర్ గ్రూపు ఇంకా పూర్తి కాలేదు. నమోదు కార్డులో ‘శౌర్యానికి’ పతకం కూడా ఉంది, అంకెతో సహా. ముందువైపు ఒక ట్యాంకు, పైన మూడు విమానాలు ఉండే గుండ్రటి వెండి పతకం అది. యుద్ధకాలంలో 40 లక్షలకు పైగా ఇచ్చారు. గ్రూపు నా దగ్గరికి వచ్చేసరికే అందులో లేదు. ఎక్కడో ఎవరి డబ్బాలోనో, విడి పతకంగా, వెల తక్కువ చీటీతో పడి ఉండొచ్చు. ఈ పతకాలు అమ్మే ప్రతివారికీ ఆ అంకె రాసి ఇచ్చాను. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా వెనక్కి తిప్పి చూడమని అడుగుతూనే ఉన్నాను.