పరికరం మీద ప్రేమ పరిగ్రహమేనా?

ఫిల్మ్‌నగర్‌లో కొత్త సినిమాకు కొబ్బరికాయ కొట్టే రోజు ఏం జరుగుతుందో సినిమా వార్తలు చదివేవాళ్లందరికీ తెలుసు. దేవుడి పటాల మీద ముహూర్తపు షాట్ తీస్తారు. ఒకరు క్లాప్ కొడతారు, ఒకరు కెమెరా స్విచాన్ చేస్తారు, పెద్దలెవరో పూజలో పెట్టిన స్క్రిప్టును దర్శకుడి చేతికి అందిస్తారు. దసరా వచ్చిందంటే ఆయుధ పూజలో కెమెరాలకూ లైట్లకూ, ఎడిటింగ్ గదుల్లో కంప్యూటర్లకూ పసుపు కుంకుమలు పెడతారు. ఇది సినిమావాళ్లు కనిపెట్టిన ఆచారం కాదు. భరతుడి నాట్యశాస్త్రంలో మూడో అధ్యాయమంతా రంగపూజ గురించే. అక్కడ దేవతలతోపాటు జర్జరమనే దండానికీ పూజ ఉంది. ఆట మొదలయ్యే ముందు పనిముట్టుకు మొక్కడం మన కళలకు పుట్టుకతో వచ్చిన సంస్కారం. మరి ఫిల్మ్‌నగర్ ఉన్న ఆ జూబ్లీహిల్స్ కొండల మీదే ఒక రచయితో ఎడిటరో మెకానికల్ కీబోర్డుల మీద మనసు పడి, ఏది కొనాలా అని నెలల తరబడి వెతుకుతుంటే దాన్ని ఏమనాలి? ఆ పాత భక్తికి కొత్త రూపమా, లేక శాస్త్రాలు వద్దన్న పరిగ్రహమా, అంటే వస్తువులను పట్టుకు వేలాడే మోహమా?

ముందు ఆ మనసు పడటంలో న్యాయం ఎంతో చూడాలి. మామూలు కీబోర్డులో మీటలన్నిటి కిందా ఒకటే రబ్బరు పొర ఉంటుంది. మీటను దాదాపు అడుగుదాకా తొక్కితేగానీ అక్షరం పడదు. మెకానికల్ కీబోర్డులో ఏ మీటకు ఆ మీటే సొంత స్ప్రింగు, సొంత స్విచ్. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ ఇప్పటికీ ఈ రంగంలో కొలబద్ద. మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, రెడ్ రకంలో 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. రెడ్ నున్నగా దిగుతుంది, బ్రౌన్ మధ్యలో చిన్న గతుకులా వేలికి తగులుతుంది, బ్లూ టక్కుమని చప్పుడు చేస్తుంది. రెడ్‌కు కంపెనీ చెప్పే ఆయుష్షు 10 కోట్ల నొక్కులు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లలోనూ బిల్లింగ్ కౌంటర్లలోనూ ఏళ్ల తరబడి టకటకలాడిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డూ ఈ జాతిదే. అప్పుడు దాన్ని ఎవరూ అభిరుచి అనలేదు, పనికి తట్టుకునే వస్తువన్నారు. రోజంతా వేళ్లతోనే బతికే మనిషి వేలికి ఏం తగులుతోందో పట్టించుకోవడం విలాసం కాదు. ఎడిటింగ్ గదిలో జె, కె, ఎల్ అనే మూడు మీటల మీదే సినిమా వెనక్కీ ముందుకూ నడుస్తుంది. ఆ మీటలు సరిగ్గా పలకకపోతే ఎడిటర్ చేతి లయ దెబ్బతింటుంది.

భగవద్గీత ఈ విషయంలో చాలా లెక్కగా మాట్లాడుతుంది. ఏ కర్మ జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని 18వ అధ్యాయం 14వ శ్లోకం చెబుతుంది: అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, చివరికి దైవం. కరణాల్లో ఇంద్రియాలే ముఖ్యమని వ్యాఖ్యాతలు అంటారు. చేతి చివర ఉన్న పనిముట్టును ఆ వరుసలోనే చేర్చుకోవడం తప్పు కాదనుకుంటాను. అలా చూస్తే పనిముట్టుకు పనిలో వాటా ఉంది, కానీ అది ఐదింటిలో ఒకటి మాత్రమే. ఏ కీబోర్డయినా ఒకటే అనేవాడు ఆ వాటాను కొట్టేస్తున్నాడు. మంచి కీబోర్డు వచ్చాకే స్క్రిప్టు మొదలెడతాననేవాడు మిగతా నాలుగింటి వాటా దానికి రాసిచ్చేస్తున్నాడు. ఇద్దరూ లెక్క తప్పినవాళ్లే.

మొదటివాడి పక్షాన గట్టి వాదన ఒకటుంది. గొప్ప రచయితలు దొరికిన పెన్సిలుతో దొరికిన కాగితం మీద రాశారు, విరాగికి వస్తువు మీద ధ్యాస ఉండదు, కాబట్టి ఈ ఎంపికలన్నీ మోహమే అని. ఈ మాట వినడానికి బాగుంటుంది గానీ సన్న్యాస సంప్రదాయాలు దీన్ని సమర్థించవు. బౌద్ధ భిక్షువుకు సంప్రదాయం అనుమతించిన సామాన్లు ఎనిమిదే: మూడు చీవరాలు, పాత్ర, కత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ. ఇంత తక్కువ పెట్టుకున్నవాళ్లు ఆ పాత్ర గురించి ఎంత పట్టింపుగా ఉన్నారో పాళీ వినయ పిటకంలో కనిపిస్తుంది. పాత్ర ఇనుముదో మట్టిదో అయి ఉండాలి, చెక్కది పనికిరాదు, బంగారం వెండి అసలే కూడదు. అదనపు పాత్ర చేతికొస్తే పది రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. ఉన్న పాత్రకు ఐదు అతుకులు పడకముందే కొత్తది అడిగి తెచ్చుకుంటే దాన్ని సంఘానికి అప్పగించాలి. అప్పుడు పెద్దల నుంచి చిన్నల దాకా పాత్రలు మార్చుకుంటూ పోతారు, అందరూ వద్దని వదిలేసిన ఆఖరి పాత్రను అతని చేతిలో పెట్టి, పగిలేదాకా దీన్నే వాడుకోమంటారు. వైరాగ్యమంటే వస్తువు పట్ల అజాగ్రత్త అనుకునేవాళ్లు ఈ నియమాలను ఒక్కసారి చూడాలి. ఇక్కడ వస్తువు మీద శ్రద్ధ ఉంది, దాన్ని అతుకేసి వాడుకునే ఓపిక ఉంది. అరికట్టింది మాత్రం తర్వాతి పాత్ర మీదికి పోయే చూపును.

నా వాదన ఇక్కడే ఉంది. పరిగ్రహాన్ని కొలవాల్సింది వస్తువు ఖరీదుతోనో దాని మీద ఇష్టంతోనో కాదు, ఎంపిక ఎక్కడైనా ఆగుతోందా లేదా అన్నదానితో. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో పరిగ్రహాన్ని మూర్ఛగా నిర్వచించాడు. వస్తువు దగ్గర ఉండటాన్ని కాదు, దానికి మనసు చిక్కి స్పృహ తప్పడాన్ని తప్పుపట్టాడు. కీబోర్డు ప్రియుల్లో ఆ మూర్ఛ ఎలా మొదలవుతుందో తెలిసిందే. ముందు స్విచ్, తర్వాత మీటల తొడుగులు (కీక్యాప్‌లు) ఏబీఎస్ ప్లాస్టిక్‌వా పీబీటీవా, ఆపైన స్ప్రింగులకు నూనె, లోపల నురుగు పొర, ఇంకా బరువైన లోహపు పెట్టె. ఒక్కో మార్పుకూ ఒక్కో న్యాయం కనిపిస్తుంది, మొత్తం మీద స్క్రిప్టులో ఒక్క సీను కదలదు. కచేరీకి కూర్చున్న మృదంగ విద్వాంసుడు శ్రుతి చేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే అది ముగుస్తుందనీ వాయిద్యం మొదలవుతుందనీ సభకు నమ్మకం. ఆ ముగింపు లేని శ్రుతి చేసుకోవడమే పరిగ్రహం.

ఆయుధ పూజను ఈ వెలుగులో చూస్తే దాని వివేకం అర్థమవుతుంది. అందులో బొట్టు పెట్టేది చేతిలో ఉన్న పనిముట్టుకు. దుకాణంలో ఉన్నదానికి ఎవరూ దండం పెట్టరు. అయితే జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి దగ్గర కొత్త కార్లకు చేయించే వాహన పూజల మాటేమిటని అడగవచ్చు. అవి కొత్తదనానికీ ఆస్తికీ చేసే పూజలు కావా? కొందరి మనసులో అలాగే ఉండవచ్చు. కానీ తంతు జరిగే సమయం చూడండి. కొన్నాక చేస్తారు, వాడకానికి ముందు చేస్తారు. ఎంపిక అయిపోయింది, ఇక ఈ బండితోనే నా ప్రయాణం అని అమ్మవారి ముందు ఒప్పుకోవడం అది. బేరం చేసే మనసుకూ వాడుకునే మనసుకూ మధ్య పూజ ఒక గడప కడుతుంది.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది. పని, పని అంటూ ప్రతి ఆనందాన్నీ పనికి కట్టెయ్యాలా? మీట దిగేటప్పటి ఆ గంభీరమైన చప్పుడు కొందరికి దానంతట అదే సుఖం. ప్రజలకు ఆనందం పంచి బతికే ఫిల్మ్‌నగర్ ఆ సుఖాన్ని ఏ ముఖంతో కాదంటుంది? కాదనకూడదు, నేనూ కాదనను. కాకపోతే రసానందానికి అభినవగుప్తుడు పెట్టిన షరతు ఒకటుంది. ఇది నాది, అది పరాయిది అన్న భావం రసానికి విఘ్నమని ఆయన నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్య అభినవభారతిలో చెప్పాడు. థియేటర్లో కూర్చున్నవాడు తెర మీది దుఃఖాన్ని తనదీ పరాయిదీ కాకుండా అనుభవిస్తేనే అది రసమవుతుంది. కీబోర్డు చప్పుడులో అలాంటి సుఖం నిజంగా ఉంటే అది స్నేహితుడి బల్ల మీద మోగినా అంతే సుఖంగా ఉండాలి. అది నా బల్ల మీదే ఉండాలి, మరొకరి దానికన్నా అరుదైనదై ఉండాలి అనిపించిన క్షణం రసం పోయి ఆస్తి మిగులుతుంది. తమ సుఖం ఏ రకానిదో ఎవరికి వాళ్లు ఈ గీటురాయి మీద తేల్చుకోవచ్చు.

యోగసూత్రాల్లో పతంజలి వైరాగ్యాన్ని ఒంటరిగా వదల్లేదు, అభ్యాసంతో జతకట్టాడు. తెలుగు రచయితకు ఈ జత చాలా అవసరం. ఇన్‌స్క్రిప్ట్ అనే టైపింగ్ పద్ధతిలో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి కాబట్టి చేతులు వంతులవారీగా ఆడతాయి. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం అని ఆరు నొక్కులు పడతాయి. ఆ ఆరూ తడుముకోకుండా పడేలా చేసేది సాధన. పదివేల రూపాయల స్విచ్‌లు ఆ పని చేయలేవు. సంభాషణలు ఇంగ్లిష్ లిపిలో కొట్టుకుని తర్వాత ఎవరిచేతో తెలుగులోకి మార్పించుకునే రచయితకు కొత్త కీబోర్డు కన్నా ముందు కావలసింది ఈ సాధనే.

కాబట్టి కొనాలనుకునేవాళ్లు కొనండి, సంకోచపడకండి. రెండు మూడు వేలకూ మంచివి దొరుకుతాయి, ముప్పై వేలు దాటేవీ ఉన్నాయి. మీ ఆదాయంలో ఏది నొప్పి పుట్టించదో అది చాలు. నలుగురు కూర్చుని కథ చర్చించే గదిలో, సౌండ్ పని జరిగే చోట బ్లూ స్విచ్ పెట్టకండి. మీ సుఖం పక్కవాడి చెవికి హింస కాకూడదు. సోల్డరింగ్ లేకుండా స్విచ్ మార్చుకోగల హాట్‌స్వాప్ రకం తీసుకోండి. రబ్బరు పొర పాడైతే కీబోర్డంతా చెత్తలోకి పోతుంది, ఇక్కడ పాడైన ఒక్క స్విచ్‌నే మార్చుకుని ఏళ్లు వాడుకోవచ్చు. ఐదు అతుకుల నియమానికి ఇంత దగ్గరగా వచ్చే వస్తువులు ఈ కాలంలో తక్కువ. కొన్న రోజే పాతదాన్ని కృష్ణానగర్‌లో అద్దె గదిలో కథ రాసుకుంటున్న ఏ అసిస్టెంట్ డైరెక్టర్‌కో ఇచ్చేయండి. కొత్తదానికి బొట్టు పెట్టి పని మొదలుపెట్టండి, మొదలుపెట్టిన ఆ సినిమాకు గుమ్మడికాయ కొట్టేదాకా ఇంకో కీబోర్డు వైపు చూడకండి.