బొమ్మ విమానం దేనికి జవాబుదారీ?

పాత అచ్చులో పోసిన మిగ్-21 కిట్ పెట్టె విప్పితే లోపాల కోసం వెతకనక్కర్లేదు. అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 1/72 స్కేల్లో అది పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంత చిన్న బొమ్మలోనూ తప్పులు కొట్టొచ్చినట్టు కనబడతాయి. కాక్‌పిట్ పేరుతో ఒక పలక, దాని మీద సీటు అనుకోమని ఒక దిమ్మ ఉంటాయి. ఇంజిన్‌కు గాలి వెళ్లాల్సిన ముక్కు రంధ్రం మొదట్లోనే మూసుకుపోయి ఉంటుంది. వేగం కొలవడానికి ముందుకు పొడుచుకొచ్చే సన్నని పిటో గొట్టం అగ్గిపుల్లను తలపిస్తుంది. దీన్ని బాగుచేయదలచినవాళ్ల కోసం వేరే కంపెనీలు విడిభాగాలు అమ్ముతాయి. చెక్ దేశపు ఎడ్వార్డ్ ఇత్తడి రేకును రసాయనంతో తొలిచి డయళ్లతో సహా పరికరాల పలక తయారుచేస్తుంది. ఏరెస్ రెజిన్‌లో కాక్‌పిట్ మొత్తాన్ని పోతపోస్తుంది. పోలండ్‌లోని మాస్టర్ పిటో గొట్టాన్ని లేత్ మీద ఇత్తడితో చెక్కి ఇస్తుంది. రెజిన్ కాక్‌పిట్ లోపల ఇమడాలంటే ప్లాస్టిక్ గోడను లోపలి నుంచి వెలుతురు కనబడేంత పల్చగా అరగదీయాలి. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే పెట్టెలో వచ్చినదాంట్లో చివరికి మిగిలేది ఫ్యూజిలేజ్ (విమానం మొండెం) సగాలు రెండు, రెక్కలు. కొందరు రెక్కలనూ వదలరు. మరి ఇది అదే వస్తువా, ఇంకొకటా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. థీసియస్ ఓడలో కుళ్లిన పలకలు తీసి ఏథెన్స్ వాళ్లు కొత్తవి వేస్తూ వచ్చారనీ, అది పాత ఓడేనా కాదా అని తత్త్వవేత్తలు తగువుపడ్డారనీ ప్లుటార్క్ రాశాడు. మన వైపు బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో నాగసేనుడు యవన రాజును రథం గురించి నిలదీస్తాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు. వీటన్నిటినీ ఆధారం చేసుకుని లోకం వాడే పేరే రథం. న్యాయ వైశేషికులు దీనికి ఒప్పుకోరు. అవయవాలకు భిన్నంగా అవయవి అనేది నిజంగా ఉందంటారు. ఆ పట్టుదలకు మూల్యం కూడా చెల్లిస్తారు: బట్టలోంచి ఒక్క పోగు లాగినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుట్టినట్టే. ఆ లెక్కన ఒక సీటు మార్చినప్పుడల్లా బల్ల మీద ఒక విమానం చచ్చి ఇంకొకటి పుడుతుండాలి. ఎవరి సమాధానం వారిదే అయినా వీళ్లందరూ ఒకే చోట వెతుకుతున్నారు. వస్తువు ఏమిటో తేల్చాలంటే దాని భాగాలనో, ఆ భాగాల్లో నెలకొన్నదాన్నో చూడాలని అందరి నమ్మకం. ఓడ విషయంలో, రథం విషయంలో అది సబబే. ప్రతిమ విషయంలో కాదు.

నమూనా తనకు బయట ఉన్న మరొకదానికి జవాబు చెప్పుకోవాల్సిన వస్తువు. అదేమిటో నిర్ణయించేది దాని ప్లాస్టిక్ కాదు, అది దేన్ని చూపిస్తోందన్నది. అందుకే ఇక్కడ పాత చిక్కు తలకిందులవుతుంది. పలకలు మారేకొద్దీ ఓడ తాను కాకుండా పోతుందేమోనని భయం. చెడ్డ కిట్ మాత్రం భాగాలు మారేకొద్దీ తాను కావలసినదానికి దగ్గరవుతుంది. అయితే మార్చిన ప్రతి భాగమూ దగ్గర చేస్తుందని కాదు, ఈ వాదానికి అసలైన రుజువు అక్కడే ఉంది. మన వైమానిక దళం టైప్ 77 అని పిలిచిన మిగ్-21ఎఫ్‌ఎల్‌ను తీసుకోండి. 1971 యుద్ధంలో పాల్గొన్న రకం అది. అందులో ముందువైపు కీలుతో తెరుచుకునే కానోపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత), దానికి జతగా పనిచేసే పాత ఎస్‌కే సీటు ఉండేవి. బజారులో దొరికే కేఎం-1 సీటు తర్వాతి రకాలకు చెందినది. బెల్టుల మడతలతో సహా ఎంత ముచ్చటగా పోతపోసినా, దాన్ని టైప్ 77లో పెడితే పనితనం పెరుగుతుంది, నిజం తరుగుతుంది. భాగం తనంతట తానుగా మంచిదా చెడ్డదా అని అడిగితే ఇక్కడ సగం జవాబే వస్తుంది. దీనికి ఉల్టా ఉదాహరణ పరికరాల పలక మీది తెల్ల గీత. మిగ్-21 గిరికీలు కొడుతూ పడిపోతున్నప్పుడు పైలట్ కంట్రోలు కర్రను సరిగ్గా మధ్యకు నెట్టాలి. ఆ మధ్య ఎక్కడో గుర్తుండటానికి పలక మీద నిలువుగా తెల్ల గీత గీసేవారు. కిట్‌లో అది లేకపోతే ఏ రెజినూ అక్కర్లేదు, సన్నని కుంచెతో ఒక గీత గీస్తే చాలు. ఖర్చేమీ లేని ఆ గీత ఖరీదైన సీటు కన్నా బొమ్మను ఎక్కువగా మిగ్-21 చేస్తుంది.

చూపించడానికి బయట ఏదీ లేకపోతే ఏమవుతుందో కూడా చరిత్ర ఒకసారి చూపించింది. 1986లో అమెరికాలో టెస్టర్స్ కంపెనీ ఎఫ్-19 అనే రహస్య విమానం కిట్ విడుదల చేసింది. రాడార్‌కు చిక్కని విమానమేదో ఉందని పుకార్లే తప్ప దాన్ని చూసినవాళ్లు నోరు విప్పే పరిస్థితి లేదు. ఒంపుల మీద ఒంపులతో ఊహించి చేసిన ఆ బొమ్మ విపరీతంగా అమ్ముడుపోయింది. 1988 నవంబరులో అసలు విమానం ఎఫ్-117ను ప్రభుత్వం బయటపెట్టింది. చూస్తే అది చదును పలకల్ని కోణాలుగా అతికించినట్టుంది, పేరుతో సహా ఏదీ కలవలేదు. ఆ ఎఫ్-19కు ఎంత మంచి సీటు, ఎంత సన్నని గొట్టం అమర్చినా అది అందంగా తయారవుతుందేమో కానీ సరి కాదు. ఏది తప్పో చెప్పే విమానమే లేనప్పుడు దిద్దుబాటు దేని ప్రకారం? దిద్దగలిగేది జవాబుదారీ ఉన్నదాన్నే.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. స్కేలు అనేదే అబద్ధం కదా, దాంట్లో నిజాయతీ ఏమిటని. ఈ మాటలో పస ఉంది. కిట్ మీద రేకుల అతుకుల్ని చూపించే గాడి పావు మిల్లీమీటరు ఉందనుకోండి, 1/72 లెక్కన అసలు విమానం మీద అది 18 మిల్లీమీటర్ల చీలిక. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ గోడ అంటే 7.2 సెంటీమీటర్ల మందం, అది విమానం కాదు, కోటగోడ. అదే లెక్క నిక్కచ్చిగా పాటిస్తే ఆ అతుకు కంటికే ఆనకూడదు. అయినా చేయి తిరిగినవాడు గాడి గీస్తాడు, దానిలోకి పల్చటి రంగు దింపుతాడు. ఎందుకంటే నిజమైన విమానం ముందు నిలబడినవాడికి అతుకులు కనిపిస్తాయి. అతను కొలతను కొంత వదులుకుని చూపును నిలబెడుతున్నాడు. జవాబు చెప్పడమంటే అచ్చు గుద్దడం కాదు. అడిగినదాన్ని అర్థం చేసుకుని చెప్పడం. కాబట్టి ఈ ఆక్షేపణ నకలు అనే భావాన్ని కూల్చుతుంది కానీ ప్రతిమను కాదు.

రెండో ఆక్షేపణ: ఆ అసలుదైనా నిలకడగా ఉందా? లేదు. నాసిక్‌లో హెచ్‌ఏఎల్ నిర్మించిన మిగ్-21లలో వందకు పైగా తర్వాత బైసన్ అనే ఆధునికీకరించిన రకంగా మారాయి. కొత్త రాడార్, ఒకే ముక్కతో చేసిన ముందు అద్దం, కొత్త క్షిపణులు వచ్చాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్‌లు మొదట్లో వచ్చిన మిగ్‌లు కావు. అంటే విమానమే స్వయంగా విడిభాగాలతో బతికిన ప్రాణి. ఇది ఒప్పుకుంటే నా వాదం బలహీనపడదు, కచ్చితత్వం పెరుగుతుంది. నమూనా ‘మిగ్-21’ అనే సామాన్యానికి జవాబుదారీ కాదు. ఫలానా రకం, ఫలానా స్క్వాడ్రన్, ఫలానా కాలం అని నిర్మాత ముందే మాటిస్తాడు. ఆ మాటకే జవాబుదారీ.

విగ్రహాల సంగతి తెలిసినవారు ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తారు. పూరీలో నవకళేబరం జరిగినప్పుడు, ఈమధ్య 2015లో జరిగినట్టు, దారు విగ్రహాలు మొత్తంగా మారిపోతాయి. కానీ పాత మూర్తిలోంచి బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తిలోకి చేరుస్తారు. మన ఆలయాల్లో జీర్ణోద్ధరణకు ముందు మూర్తి శక్తిని కలశంలోకి ఆకర్షించి తాత్కాలికమైన బాలాలయంలో ఉంచుతారు. అంటే లోపల ఏదో ఒకటి సాగితేనే అది అదే అని సంప్రదాయం అంటోంది కదా? అంటోంది, అందుకే బొమ్మకూ మూర్తికీ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. మూర్తి చూపించేది మాత్రమే కాదు, దాంట్లో దైవం ఉంటుందని భక్తుడి విశ్వాసం. ఉండేదానికి ఇల్లు మారుతున్నప్పుడు తీసుకెళ్లవలసినది ఒకటి ఉంటుంది. ప్లాస్టిక్ విమానంలో ఎవరూ నివసించడం లేదు. మోసుకెళ్లవలసినదేదీ లేదు గనకే దాని భాగాలన్నీ మార్చే స్వేచ్ఛ ఉంది. మూతపడిపోయే ఫ్యూజిలేజ్ లోపల పూర్తి ఇంజిన్ అమర్చేవాళ్లు మాత్రం ఈ హద్దు దాటుతున్నారని నా అనుమానం. ఇక ఎవరికీ కనబడనిది ఎవరికీ ఏదీ చూపించదు. అది తప్పని అనను, దాని పేరు నమూనా నిర్మాణం కాదు, భక్తి అంటాను.

ఇంత చర్చ ఎందుకు, మంచి కిట్ కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లకు నా దగ్గర పెద్ద ప్రతివాదం లేదు. 1/48 స్కేల్లో ఎడ్వార్డ్ 2011 నుంచి మంచి మిగ్-21లే ఇస్తోంది. చెడ్డ కిట్‌కు కొన్న విడిభాగాల బిల్లు చాలాసార్లు ఆ కిట్ ధరను మించిపోతుంది. శ్రమ పడితేనే విలువ అనే వాదనా నాకు నచ్చదు. ఎవరో చెక్కిన రెజిన్ ముక్కను అతికించడం కూడా అరువు జ్ఞానమే. తేడా ఒక్కటే. మంచి కిట్‌లో ఆ విమానం ఎలా ఉండేదన్న ప్రశ్నను డిజైనర్ ముందే అడిగేసి ఉంటాడు. చెడ్డ కిట్‌లో ప్రతి భాగం దగ్గరా కొన్నవాడే అడగాలి.

థీసియస్ ఓడకు థామస్ హాబ్స్ ఒక మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, అదే వరుసలో మళ్లీ ఓడ కడితే రెండింటిలో ఏది అసలుదన్నాడు. అదే పని బల్ల మీద చేసి చూడండి. తీసేసిన దిమ్మ సీటు, మూసిన ముక్కు, మందపాటి గొట్టం, అన్నీ ఏరి మళ్లీ అతికిస్తే పెట్టెలో వచ్చిన ఆ చెడ్డ కిట్టే తిరిగి వస్తుంది. దాన్ని పూర్తయిన విమానం పక్కన పెట్టినా ఏది అసలుదన్న వ్యాజ్యం రాదు. ఆ హోదా రెండింటిలో దేనికీ లేదు.