నాది

సెలవులకొచ్చిన మా అబ్బాయి నా భుజం మీదుగా తెర చూసి, "లినక్స్ ఉచితంగా దొరుకుతుంటే సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు నాన్నా?" అన్నాడు.

"ఇన్నేళ్ళూ పరాయి ఇంట్లో అద్దెకున్నట్టుంది రా. ఒక్కటైనా అచ్చంగా నాది ఉండాలని," అన్నాను.

మొదలు చిన్నదే. పాత బయాస్ పద్ధతిలో, మీట నొక్కగానే యంత్రం డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలోకి తెచ్చుకుంటుంది. వాటి చివర హెక్సాడెసిమల్ లెక్కలో 55, ఏఏ అని ఉంటే నమ్మి, పగ్గాలు మనకి అప్పగిస్తుంది. ఇక అంతా మన ఇష్టం.

అలా అనుకుని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లీషు 'ఏ' చూపించమంటే బయాస్ చూపించింది. 'అ' దానికి రాదు. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టుకుని, వాటినే తెర మీద పేర్చాను. రెండు రాత్రులకి వంకరటింకరగా 'అ' వెలిగింది. ఇది మాత్రం నాదే!

పడుకున్నాక లెక్క మొదలైంది. నా రాతని యంత్రభాషలోకి మార్చిన అసెంబ్లర్ ఎవరిదో. నాకు పగ్గాలిచ్చిన బయాస్ ఎవరిదో. పూర్తిగా మనమే రాయని కోడుని నమ్మలేమని కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో హెచ్చరించాడు. కానీ పూర్తిగా తానే రాసినవాడెవడు? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ని మొదలుపెట్టింది కూడా, పాఠాలు చెప్పడానికి టానెన్‌బామ్ రాసిన మినిక్స్ నడిచే కంప్యూటర్ మీదే. తొలి కబురు కూడా మినిక్స్ వాడేవాళ్ళకే చెప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల ఆఫీసు మీటింగులో ఒక డిజైను చూపించి "నాది" అన్నాను. అందులో అసలు పనంతా మా టీములోని కొత్త కుర్రాడిది. నావి నాలుగు దిద్దుబాట్లు. అతను ఎదురుగానే ఉన్నాడు, ఏమీ అనలేదు. వీసా ఆ ఉద్యోగం మీదే వేలాడుతుంటే ఏమంటాడు?

అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. అరువు లేకుండా ఎవరూ మొదలుపెట్టలేరు. ఇచ్చినవాడు నోరెత్తలేడని తెలిసి, ఆ మౌనాన్ని వాడుకోవడం తప్పు. బయాస్ తన పేరు చెప్పమని అడగదు. ఆ కుర్రాడూ అడగలేదు. రెండూ ఒకటేనని నటించాను.

సోమవారం ఆ మీటింగులో ఉన్నవాళ్ళందరికీ మెయిలు రాశాను. పంపేముందు వేలు కాసేపు ఆగిందన్నది కూడా నిజమే.

సాయంత్రం మా అబ్బాయి తెర మీద 'అ' చూసి, "మొత్తానికి ఇది నీదేనా?" అన్నాడు.

"చుక్కలు నావి," అన్నాను.