ధర్మాసుపత్రిలో ఓదార్పు

కాన్సర్ వచ్చిన పసివాడి తల్లికి ఆసుపత్రిలో మందుకంటే ముందు ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?" అడిగినవాళ్లు మరునాటికి మరిచిపోతారు. ఆమె మాత్రం బిడ్డ బతికినా, పోయినా, దానికి జవాబు వెతుక్కుంటూనే వుంటుంది. పరామర్శకు వచ్చిన చుట్టాలు పూర్వజన్మ పాపాల లెక్క తీస్తారు. అదింకో శిక్ష.

ఈ మాట ఎత్తితే కాకినాడలో ఒక మిత్రుడు కొట్టిపారేశాడు: "ముందు మంచాలు, మందులు, డాక్టర్లు కావాలి. ఓదార్పు ధనికుల భూతదయ. అన్యాయాన్ని సహించమని పాడే జోలపాట." ఇందులో నిజం లేకపోలేదు. వైద్యం ఇవ్వకుండా ధైర్యవచనాలు మాత్రం పంచిపెట్టడం మోసమే. కాని మందూ, ఆదరణా వేరువేరన్న విభజన దగ్గరే మా మిత్రుడు పొరబడ్డాడు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. కొందరిలో, కొన్ని నెలలపాటే అయినా, వ్యాధి వెనక్కు తగ్గింది. ఆ ఫార్బరే తర్వాత, కుటుంబం దిగులూ డబ్బు ఇబ్బందీ కూడా చికిత్సలో భాగంగానే చూడాలని పట్టుబట్టాడు. మందు చేతిలో వున్నవాడే ఆ మాట అన్నాడు!

పిల్లల్లో ఎక్కువగా కనిపించే లుకేమియాకు చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఖర్చు భారం కొంత తగ్గించింది. అయితే కాకినాడ నుంచి అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రికి 100 కిలోమీటర్లకు పైమాటే. కూలి పోయిన రోజులన్నీ ఏ బిల్లులోకి ఎక్కుతాయి? జ్వరం తగ్గి పిల్లవాడు ఆడుకుంటూంటే, నయమైందనుకుని తండ్రి పనిలోకి పోతాడు. చికిత్స ఆగిపోతుంది. సంపన్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా పిల్లలు బతుకుతూంటే, అనేక పేద దేశాల్లో 30 మంది కూడా దక్కకపోవడానికి ఇలా మధ్యలో మానెయ్యడం ఒక కారణం. వుండడానికి గది, దారి ఖర్చు, అర్థమయ్యే తెలుగులో వివరంగా చెప్పే మనిషి: వీటిని ఓదార్పు అనాలా, వైద్యం అనాలా?

ఇంతవరకూ మా మిత్రుడు ఒప్పుకున్నాడు. "సరే, బిడ్డ పోయాక?" అన్నాడు. అసలు చిక్కు అక్కడే వుంది. బతికిన ప్రాణాల లెక్కతోనే ఆదరణను సమర్థిస్తే, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మనం ఏమీ బాకీ లేమని తేలుతుంది. ఉత్పత్తికి పనికిరాని కార్మికుణ్ణి గేటు బయటకు నెట్టే యజమాని తర్కం ఇదే కాదూ? 2015లో వెలువడిన ప్రమాణాలు పదిహేనింటిలో, బిడ్డ పోయిన తర్వాతా వైద్యబృందం ఆ ఇంటితో సంబంధం నిలుపుకోవాలన్నది ఒకటి. తోబుట్టువుల బాగోగులు మరొకటి.

తోబుట్టువుల సంగతి మనం మరీ తక్కువ తలుస్తాం. తమ్ముడితో అమ్మ ఆసుపత్రిలో వుంటే, బడి మాని పొయ్యి దగ్గర కూర్చున్న పదకొండేళ్ల అక్క ఏ రిజిస్టరులోనూ రోగి కాదు. తమ్ముడికి నయమై తిరిగొచ్చాక కూడా ఆ పిల్ల బడికి పోదు. ఆ రెండేళ్లలో టీచరు ఒక్కసారి ఆ గుమ్మం తొక్కితే పోయేది. మనలో చాలామందిమి టీచర్లమే.